లైన్ తిరిగి ఇచ్చేదాకా

చిరంజీవికి కోపం వస్తేనే ఈత వస్తుంది. కోపం లేని రోజు బావిలో బండరాయిలా మునుగుతాడు. ఈ సంగతి ఇప్పలగుంపులో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. అందుకే పొద్దున్నే అతను కుంటుకుంటూ బావి దారి పట్టగానే ఎవరో ఒకరు ఎదురొచ్చి, "ఏంది చిరంజీవీ, ఆ శ్రీనివాస్‌కు నౌకరి పర్మనెంట్ అయితదంట గద!" అని ఒక మాట పడేసి పోతారు. అది అబద్ధమని అతనికీ తెలుసు. అయినా ఒళ్ళు మండుతుంది. ఆ మంటతోనే చొక్కా విప్పి నీళ్ళలోకి దూకుతాడు.

బావి మామది. మామ పేరు బొజ్జయ్య. చిరంజీవి తల్లికి తమ్ముడు, పిల్లనిచ్చిన మామ కూడా. అరవై దాటిన మనిషి. అల్లుడి నడుముకు రెండు ఎండు సొరబుర్రలు కట్టి నీళ్ళలోకి వదిలి, గట్టు మీద గొంతుక్కూర్చుని, ముందర ఇప్పగింజలు పోసుకుంటాడు. అల్లుడు బావి చుట్టూ ఒక చుట్టు ఈదితే ఒక గింజ పక్కకు జరుపుతాడు. ఇరవై అయిదు చుట్లు తిరిగితే ఏడువందల యాభై మీటర్లు. ఆ లెక్క తాడు పెట్టి కొలిచి మరీ తేల్చింది చిరంజీవే.

"ఎడమ చెయ్యి ఎత్తుతలేవు," అంటాడు మామ.

"ఎత్తుతున్న."

"ఏడెత్తుతున్నవ్? రెక్క ఇరిగిన కోడి లెక్క కొట్టుకుంటున్నవ్."

"నువ్వు గింజలు జరుపు మామా. నోరు జరపకు."

బొజ్జయ్య గమ్మున గింజ జరుపుతాడు. ఊళ్ళో ఇంకెవరైనా ఆ మాట అంటే కోయలో నాలుగు తరాలనూ తిట్టే మనిషి, ఈ అల్లుడు ఎన్ని అన్నా పడతాడు. ఇరవై నెలలుగా పడుతూనే ఉన్నాడు. చిరంజీవికి అందులో వింతేమీ కనిపించలేదు. అంత కోపంలో ఉన్నవాడికి ఎదుటివాడు ఎందుకు ఊరుకుంటున్నాడో ఆలోచించే తీరికెక్కడిది!

ఇప్పలగుంపు దమ్మపేట దాటాక, పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంది. నలభై ఇళ్ళు. ఆ ఊరికీ, చుట్టుపక్కల మరో ఆరు గుంపులకూ లైన్‌మన్ చిరంజీవి. వయసు ముప్పై నాలుగు. ఆ ఏడు ఊళ్ళ కోయ పిల్లల్లో స్తంభం ఎక్కి సర్కారు జీతం తీసుకున్న మొదటివాడు అతనే. గాలివాన వచ్చి ఊరంతా చీకటైనప్పుడు అతను స్తంభం ఎక్కుతుంటే జనం కింద గుంపుగా నిలబడి తలెత్తి చూసేవాళ్ళు. బల్బులు వెలగ్గానే పిల్లలు కేకలు పెట్టేవాళ్ళు. ఆ కేకల కోసమే పుట్టానని అతను గట్టిగా నమ్మాడు. ఇప్పుడు సెక్షన్ ఆఫీసులో ఓ మూల కుర్చీ వేసి, బిల్లు కాగితాలు కట్టలు కట్టమన్నారు. కాగితాలు కట్టేవాడిని తలెత్తి చూసేదెవరు?

ఆ కుర్చీకి కారణం కిందటేడు మార్చి నెల. యాసంగి వరి పొట్ట మీద ఉన్న రోజులు. పొద్దున గాలికి కొమ్మ విరిగి పెద్ద లైన్ మీద పడింది, ఊరి మోటార్లన్నీ ఆగిపోయాయి. పెద్ద లైన్ ముట్టుకోవాలంటే ముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి కరెంటు ఆపించాలి. దాన్ని లైన్ క్లియర్ అంటారు, పనివాళ్ళ నోట్లో ఎల్సీ. ఎల్సీ ఎవడు తీసుకున్నాడో పని ముగిశాక తిరిగి ఇవ్వాల్సింది కూడా వాడే. వాడు ఇచ్చేదాకా కొంపలు మునిగినా ఆపరేటర్ లైన్ వేయకూడదు. ఇది పుస్తకంలో ఉన్న రూలు.

ఇప్పలగుంపులో ఫోన్ సిగ్నల్ ఉండదు. ఊరి పక్కన మొండిగుట్ట ఎక్కితేనే దొరుకుతుంది. చిరంజీవి ఆ రోజు గుట్ట ఎక్కి ఎల్సీ అడిగాడు. సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్నది శ్రీనివాస్, ఏన్కూరు వైపు తండా నుంచి వచ్చిన ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్. "ఇచ్చిన అన్నా, పని చేస్కో," అన్నాడు. చిరంజీవి గుట్ట దిగి, ఒక స్తంభం ఎక్కి కొమ్మ కొట్టి తీగ సరిచేసి దిగాడు. తరువాత మలుపు తిరిగిన చోట ఉన్న రెండో స్తంభం ఎక్కాడు. నడుం బెల్టు ఇంకా బిగించలేదు. ముందుగా, తీగను భూమికి కలిపే ఎర్త్ రాడ్డు తగిలించాడు. తీగలో కరెంటు ఉంది.

కళ్ళ ముందు తెల్లటి మంట లేచింది. చేతిలో ఉన్నది ఎర్త్ రాడ్డు కాబట్టి కరెంటు భూమిలోకి దిగి, సబ్‌స్టేషన్‌లో లైన్ దానంతటదే ఆగిపోయి, ప్రాణం దక్కింది. మనిషి మాత్రం ఇరవై అడుగుల పైనుంచి బండ మీద పడ్డాడు. కుడి మడమ ఎముక ముక్కలైంది. ఎడమ భుజం విరిగింది. అరచేతులు కాలాయి.

ఖమ్మంలో దవాఖానా. మడమలో ప్లేటు, ఆరు స్క్రూలు. మూడు నెలలు మంచం. ఆ మంచం మీద ఉండగానే ఆఫీసు నుంచి మెమో వచ్చింది. చిరంజీవి ఎల్సీ తీసుకోకుండానే స్తంభం ఎక్కాడని శ్రీనివాస్ రాసిచ్చాడట. ఫోన్‌లో అడిగి తీసుకున్నది కాబట్టి సబ్‌స్టేషన్ పుస్తకంలో రాత లేదు. అంటే కాలు విరిగిందీ ఇతనిదే, తప్పు చేసిందీ ఇతనే! అప్పటిదాకా పక్కకు తిరగడానికే ఇద్దరు మనుషులు కావాల్సిన చిరంజీవి, మెమో చదివి ఎవరి సాయం లేకుండా లేచి కూర్చున్నాడు. కోపానికి లేచాడు. ఆ రోజు మొదలు అతన్ని నడిపించింది డాక్టర్లూ కాదు, మందులూ కాదు, ఆ కాగితమే.

ఫిజియోథెరపీ చేసే కళ్యాణి మేడం మంచి మనిషి. భుజానికి ఈత కొట్టమంది. మడమ మీద బరువు పడకూడదు కాబట్టి సైకిల్ తొక్కమంది. ఎముక కుదురుకున్నాక నడవమంది, ఆ పైన మెల్లగా పరిగెత్తమంది. ఈ ఏడు జులైలో ఒకరోజు అతని కాలు వంచి చూస్తూ నవ్వింది.

"చిరంజీవి గారూ, మీకు తెలియకుండానే మీరు మూడు ఆటలు ఆడుతున్నారు. ఈ మూడూ ఆగకుండా వరసగా చేస్తే ట్రయాథ్లాన్ అంటారు. అదుగో, గోడ మీద చూడండి."

గోడ మీద పోటీ కాగితం ఉంది. నవంబరు చివరి ఆదివారం, ఖమ్మం పక్కన పెద్ద చెరువులో ఏడువందల యాభై మీటర్ల ఈత, తరువాత ఇరవై కిలోమీటర్లు సైకిల్, ఆపైన ఐదు కిలోమీటర్ల పరుగు. అంతా రెండున్నర గంటల్లో ముగించాలి. ఆమె నవ్వులాటకే చూపించింది. చిరంజీవి కూడా నవ్వి ఊరుకునేవాడే, ఆ మధ్యాహ్నం సెక్షన్ ఆఫీసులో అధికారిని కలవకపోయి ఉంటే.

అధికారి అతని నడక కింద నుంచి మీదికి చూశాడు. "ఏమయ్యా చిరంజీవీ, నడవడమే అంత కష్టంగా ఉంటే నీకు స్తంభాలెందుకు? డిసెంబర్‌లో మెడికల్ రివ్యూ ఉంది. అన్‌ఫిట్ రాసేస్తారు. హాయిగా అటెండర్‌గా ఉండిపో. ఫ్యాన్ కింద జీతం."

పాపం, ఆయన దయగానే అన్నాడు. కోపంగా అని ఉంటే చిరంజీవి తల వంచుకుని వచ్చేసేవాడు. దయ చూపించేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"సార్, ఆ పోటీ ముగించి కాగితం తెస్త. తెస్తే మీ కండ్ల ముందర నన్ను పోల్ ఎక్కియ్యాలె. ఎక్కలేకపోతే అప్పుడు రాయండి అన్‌ఫిట్ అని."

ఆయన నవ్వాడు. "తే, చూద్దాం."

అలా మొదలైంది. బావీ మామదే, సొరబుర్రలూ మామవే, సైకిలూ మామదే. వెనక పెద్ద క్యారియర్ ఉన్న ఇనుప సైకిల్, ఒకప్పుడు వడ్ల బస్తాలు మోసింది. తొక్కుతుంటే పెడలు దగ్గర ఏదో విరుగుతున్నట్టు చప్పుడు. చిరంజీవి దాని మీద పామాయిల్ గెలల ట్రాక్టర్లు రేపే దుమ్ములో దమ్మపేట దాకా పోయి వచ్చేవాడు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక అడవి బాటలో పరుగు. పరుగంటే పరుగు కాదు. కుడికాలు వేసినప్పుడల్లా మడమలో స్క్రూలు కదిలినట్టుండేది, నోట్లోంచి తిట్టు వచ్చేది. మొదటి కిలోమీటరు శ్రీనివాస్‌ను తిట్టేవాడు, రెండోది మెమో మీద సంతకం పెట్టినవాణ్ణి, మూడోది ఫ్యాన్ కింది జీతాన్ని, ఆ తరువాత తన మడమను. ఐదో కిలోమీటరుకు మళ్ళీ శ్రీనివాస్ దగ్గరికే వచ్చేవాడు.

"పొద్దుగాల లేస్తే ఆని పేరే, పండుకుంటే ఆని పేరే," అనేది భార్య భవాని. "దేవున్ని గూడ గిట్ల తల్సుకోరు ఎవలు."

"ఆడు నా పేరు ఖరాబు చేసిండు."

"చేసిండు. తిను."

పోటీకి పది రోజులున్నాయనగా, దమ్మపేటలో టీ బండి దగ్గర శ్రీనివాస్ కనిపించాడు. ఇరవై నెలల్లో ఎదురుపడటం అదే మొదటిసారి. చిరంజీవి సైకిల్ కింద పడేసి పోయి అతని కాలర్ పట్టుకున్నాడు. శ్రీనివాస్ చేతిలో ఉన్న గ్లాసు కింద పడి పగిలింది. జనం మూగారు.

శ్రీనివాస్ విడిపించుకోలేదు. "కొట్టన్నా. నా నౌకరి గూడ పోయింది, పోయిన నెల తీసేసిండ్రు. ఇగ నాకు దాసుకునేది ఏం లేదు. కొట్టు. గని కొట్టే ముందర ఇది చూడు."

ఫోన్ తీసి చూపించాడు. ఆ రోజు వచ్చిన ఫోన్ల వరసను ఫోటో తీసి దాచుకున్నాడు. పన్నెండు గంటల ఏడు నిమిషాలకు ఒక పేరు ఉంది: బొజ్జయ్య, ఇప్పలగుంపు మోటర్.

"నీకు ఎల్సీ ఇచ్చింది నేనే. ఆ ముసలాయన ఫోన్ చేసి, మావోని పని అయిపోయింది, లైన్ ఇయ్యమంటుండు అన్నడు. ఎప్పుడు ఆయనే చెప్తడు గద అని ఏసిన. మూడో మనిషి మాట మీద ఏసిన్నని ఒప్పుకుంటే నన్ను లోపలేస్తరని భయపడ్డ. ఎల్సీయే తీస్కోలేదని రాసిన. అది నా తప్పే అన్నా. గని నేను ఊకెనే లైన్ ఎయ్యలే."

చిరంజీవి చెయ్యి కాలర్ మీంచి జారిపోయింది. వెనక్కి తిరిగి సైకిల్ ఎత్తుకున్నాడు. దమ్మపేట నుంచి ఇప్పలగుంపు అంత త్వరగా అతను ఎప్పుడూ రాలేదు, తరువాత పోటీలో కూడా తొక్కలేదు.

బొజ్జయ్య బావి గట్టు మీదే ఉన్నాడు, పత్తి బస్తా మూతి కుడుతున్నాడు. అల్లుడి మొహం చూడగానే సూది ఆపేశాడు.

"ఆ దినం ఫోన్ చేసింది నువ్వా?"

"అవ్."

దాచలేదు, నీళ్ళు నమలలేదు. ఇరవై నెలలుగా ఆ ప్రశ్న కోసమే కూర్చున్నట్టు చెప్పాడు. దాంతో చిరంజీవికి ఇంకా మండిపోయింది.

"నేను పోల్ మీద ఉండంగ లైన్ ఎట్ల ఇప్పిస్తవ్? నీ వరి ఎండితే నేను సావాల్నా?"

"నువ్వే గద నేర్పినవ్ అల్లుడా." బొజ్జయ్య సూది బస్తాకు గుచ్చి పెట్టాడు. "తీస్కునేటందుకు ఒకపారి, ఇచ్చేటందుకు ఒకపారి, రెండుపార్లు గుట్ట ఎక్కుడు నాతోని కాదంటివి. మామా, నువ్వు గుట్ట మీద కూసో, నా పని అయినంక కిందికెల్లి తువ్వాల ఊపుత, నువ్వు ఫోన్ కొట్టి లైన్ ఇయ్యమను అంటివి. నాలుగేండ్ల సంది గట్లనే చేసినం."

"ఆ దినం నేను ఊపలే!"

"ఊపినవ్."

"ఊపలే అంటున్న!"

"మొదటి పోల్ దిగినవ్. దిగి తువ్వాల తీసి ఊపినవ్, గట్టిగ, ఒకటికి నాలుగుపార్లు. నా రెండు కండ్లతోని చూసిన. మలుపు కాడ ఇంకో పోల్ ఎక్కేదుందని నాకేం ఎర్క?"

చిరంజీవి అరవడానికి నోరు తెరిచాడు. అంతలో కొమ్మ గుర్తొచ్చింది. ఆ కొమ్మకు ఎర్రచీమల గూడు ఉంది. కత్తి వేటు పడగానే గూడు చిట్లి చీమలన్నీ మెడ మీదా వీపు మీదా పడ్డాయి. ఎలాగో పని ముగించి, కిందికి దిగి, చొక్కా లాగేసి, భుజం మీద తువ్వాల తీసి చీమలు దులుపుకున్నాడు. గట్టిగా. ఒకటికి నాలుగుసార్లు.

"ఎందుకు చెప్పలే?" అన్నాడు.

"దవాఖానకు మూడుపార్లు వస్తి, చెప్దామనే. నీ కాలు చూసినంక నోరు రాలే."

చిరంజీవి సొరబుర్రలు రెండూ ఎత్తి గట్టు రాయి మీద కొట్టాడు. పెంకులు నీళ్ళలో పడ్డాయి. ఇప్పగింజలు కాలితో తన్నాడు. బొజ్జయ్య ఆపలేదు. రాయి తీసుకుని తన నెత్తి మీద కొట్టినా ఆపేలా లేడు. ఆ ఓర్పు చూడలేక చిరంజీవి అక్కణ్ణించి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి గుమ్మంలోనే అడిగాడు. "నీకెర్కనా?"

భవాని పొయ్యి ముందు నుంచి లేవలేదు. "ఎర్కనే."

"ఎప్పటి సంది?"

"నువ్వు దవాఖానల ఉన్నప్పటి సంది. మా నాయిన ఏడ్సుకుంట చెప్పిండు."

"నాకు చెప్పకుంట ఇన్ని దినాలు నా పక్కనే..."

"చెప్తే ఏం చేస్తుంటివి?" ఆమె కూడా గొంతు పెంచింది. "ఎవని మీద కోపంతోని లేస్తుంటివి? మా నాయిన మీదనా? నీ తువ్వాల మీదనా? నువ్వు మంచం మీద గోడ దిక్కు తిరిగి సచ్చినట్టు పండుకున్నవ్. ఆ శ్రీనివాస్‌ను తిట్టుకుంటనే లేసి కూసున్నవ్. తిట్టుకుంటనే నడిసినవ్. ఆని పాపం నాకు తగిల్తె తగలనియ్యని ఊకున్న. ఇప్పుడు నన్ను గూడ తిట్టు, తిట్టి తిను."

అతను తినలేదు. తొమ్మిది రోజులు బావి మొహం చూడలేదు. సైకిల్ చూరు కిందే ఉంది. కోపం ఎక్కడికీ పోలేదు, కాని ఇంతకాలం అది పోయి తగలడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు శ్రీనివాస్ దగ్గర మొదలుపెడితే మామ దగ్గరికి వస్తుంది, మామ దగ్గర నుంచి తువ్వాల దగ్గరికి వస్తుంది. తువ్వాల పట్టుకున్న చెయ్యి తనదే. గుట్ట ఎక్కడానికి బద్ధకించిన కాళ్ళూ తనవే, అప్పుడు అవి బంగారంలాంటి కాళ్ళు. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా గోడకు తల కొట్టుకోవాలనిపించేది.

అయినా శనివారం సాయంత్రం సైకిల్ బస్సు మీద వేయించుకుని ఖమ్మం వెళ్ళాడు. ఒక్కడే వెళ్ళాడు. ఎందుకు వెళ్ళావంటే చెప్పలేడు. అధికారికి మాట ఇచ్చాడు, అంతే.

తెల్లవారి చెరువు గట్టు మీద నూటయాభై మంది. ఒంటికి అతుక్కున్న నల్ల బట్టలు, కళ్ళకు అద్దాలు, వేలితో ఎత్తగలిగే సైకిళ్ళు. ఇతని ఇనుప సైకిల్ చూసి ఒక కుర్రాడు ఫోటో తీసుకున్నాడు. చిరంజీవి పట్టించుకోలేదు. ఈల ఊదగానే నీళ్ళలోకి దిగాడు.

నూరు మీటర్లు వెళ్ళాడో లేదో మునగడం మొదలుపెట్టాడు. నడుముకు బుర్రలు లేవు. కాలి కింద నేల లేదు. పట్టుకోవడానికి బావి గోడ కూడా లేదు. శ్రీనివాస్‌ను తిట్టుకుని చూశాడు, ఒళ్ళు వేడెక్కలేదు. తనను తిట్టుకున్నాడు, ఇంకా బరువెక్కింది. నీళ్ళు మింగాడు. పడవలో ఉన్నవాళ్ళు ఇతనికేసి తిరగడం కనిపించింది. ఇక చెయ్యి ఎత్తేస్తే తీసి పడవలో వేసుకుంటారు. ఊపిరి కోసం తల బయటపెట్టి గట్టు వైపు చూశాడు.

గట్టు మీద జనమంతా తమ వాళ్ళ కోసం చేతులూ టోపీలూ తువ్వాళ్ళూ ఊపుతున్నారు. వాళ్ళ మధ్యలో బొజ్జయ్య చతికిలబడి కూర్చుని ఉన్నాడు. పక్కన భవాని. తొలి బస్సుకు వచ్చి ఉంటారు. అంతమందిలో చెయ్యి ఊపనిది ముసలాయన ఒక్కడే. రెండు చేతులూ తొడల కింద పెట్టి, వాటి మీద బరువంతా వేసి కూర్చున్నాడు, పొరపాటున కూడా పైకి లేవకుండా.

చిరంజీవికి గుండెలో భగ్గుమంది. ఇరవై నెలలుగా ఈ ముసలాయన ఇలాగే కూర్చున్నాడా? పెళ్ళిళ్ళలో, పండగల్లో, పొలం గట్టున, ఎవరు పిలిచినా చెయ్యి ఎత్తకుండా? నేర్పింది తను, ఊపింది తను, చేతులు కట్టేసుకున్నది ఆయన! "చెయ్యి ఊపవేంది ముసలోడా! ఊపు!" అని నీళ్ళలోనే అరిచాడు. నోట్లోకి నీళ్ళు పోయాయి. ఉమ్మేసి, ఎడమ చెయ్యి ఎత్తాడు. అది ఎత్తుతుంటే భుజంలో మెలిపెట్టినట్టు నొప్పి. అయినా ఎత్తాడు. కోపం వస్తే అతనికి ఈత వస్తుంది.

నీళ్ళలోంచి చివరి నుంచి నాలుగోవాడిగా బయటపడ్డాడు. ఇనుప సైకిల్ ఇరవై కిలోమీటర్లూ మూలుగుతూనే పోయింది. పరుగులో మూడో కిలోమీటరు దగ్గర మడమ వాచి బూటు బిగుసుకుంది. బూటు విప్పి చేత్తో పట్టుకుని, కుంటుతూ, ఎవరినీ తిట్టకుండా, పళ్ళు కొరుక్కుంటూ పోయాడు. రెండు గంటల ఇరవై ఆరు నిమిషాలు. ఇంకా నాలుగు నిమిషాలు మిగిలాయి. మెడలో పతకం వేసిన అమ్మాయి, "కంగ్రాట్స్ అంకుల్," అంది. దానికీ కోపం వచ్చింది.

మామ దగ్గరికి పోయి నిలబడ్డాడు. పతకం తీసి ముసలాయన ముందు చాచి, "పట్టుకో. బూటు ఏసుకోవాలె," అన్నాడు. బొజ్జయ్య తొడల కిందనుంచి చేతులు తీశాడు.

సోమవారం అధికారి ముందు రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి పోటీది. రెండోది మెమోకు జవాబు: ఎల్సీ తీసుకున్నాను, శ్రీనివాస్ రాసింది అబద్ధం, కాని తిరిగి ఇచ్చే పని నాలుగేళ్ళుగా మా మామతో చేయిస్తున్నాను, ఆ రోజు కింద తువ్వాల ఊపింది నేనే.

అధికారి రెండోది చదివి కళ్ళజోడు తీశాడు. "పిచ్చా నీకు? ముసలాయన మీదకి తోసేస్తే నువ్వు బయటపడతావు. ఇది ఇస్తే నీ ఇంక్రిమెంట్ ఆపుతారు."

"ఆపనియ్యండి సార్. ఎవరో చెప్తే లైన్ వేసుడు, ఎవరో చెప్తే తప్పు ఇంకొకని మీద రాసుడు, ఇగ చాలు. లేవండి. నన్ను పోల్ ఎక్కిస్తనన్నరు."

ఆయన లేచాడు. ఆఫీసు వెనక స్తంభం దగ్గర నిలబడి, చిరంజీవి ఎక్కుతుంటే తలెత్తి చూశాడు. డిసెంబర్ రివ్యూలో ఫిట్ అని రాశారు. ఇంక్రిమెంట్ కూడా ఆపారు. శ్రీనివాస్ ఎదురుపడితే చిరంజీవి ఇప్పటికీ పలకరించడు. తప్పు ముగ్గురిదీ కావచ్చు, అబద్ధం మాత్రం ఒక్కడిదే.

సంక్రాంతి పోయిన వారానికి ఇప్పలగుంపు పెద్ద లైన్ మళ్ళీ ఆగిపోయింది. చిరంజీవి మొండిగుట్ట ఎక్కి ఎల్సీ తీసుకున్నాడు. నంబరు అడిగి అరచేతి మచ్చ పక్కన పెన్నుతో రాసుకున్నాడు. దిగి వచ్చి, అదే మలుపు దగ్గర, అదే స్తంభం ఎక్కాడు. గంట పని. దిగేసరికి ఒళ్ళంతా చెమట. చెయ్యి దానంతటదే భుజం మీద తువ్వాల వైపు పోయింది. చుట్టూ మూగిన జనం ఆ చెయ్యి వైపే చూశారు. చిరంజీవి ఆగి, తువ్వాల తీయకుండా, చొక్కా చేతికే మొహం తుడుచుకున్నాడు.

"మళ్ళ గుట్ట ఎక్కుతవా ఏంది?" అన్నాడొక రైతు. "నాట్లు ఎండుతున్నయ్. మామను పంపరాదా, జల్దీ అయితది."

"నా ఎల్సీ నేనే ఇస్త. నీ నాట్లు ఎండితే ఎండనియ్! అంత తొందరుంటే నన్ను ఎత్తుకొని గుట్ట ఎక్కు!"

రైతు వెనక్కి తగ్గాడు. చిరంజీవి గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు. మంచి కాళ్ళు ఉన్నప్పుడు రెండుసార్లు ఎక్కలేనన్న గుట్ట. ఇప్పుడు ఆరు స్క్రూల మడమతో, రాయి రాయికీ పళ్ళు కొరుకుతూ, రెండోసారి ఎక్కుతున్నాడు. వెనకాల పది అడుగుల దూరంలో బొజ్జయ్య, చేతులు ఊరికే వేలాడేసుకుని వస్తున్నాడు. పైకి చేరేసరికి ఇద్దరికీ ఊపిరి అందలేదు.

"నేను చిరంజీవిని," అన్నాడు ఫోన్‌లో. "నేనే మాట్లాడుతున్న. పని అయిపోయింది. మనుషులందరు కిందికి దిగిండ్రు. ఎల్సీ తిరిగి ఇస్తున్న."

అవతల కొత్త ఆపరేటర్ కుర్రాడు. "ఎవలతోనన్న ఒక మాట చెప్పిస్తే నేనే ఏస్తుంటి గదన్నా. ఆ కాలుతోని అంత దూరం ఎక్కుడేంది..."

"నోరు మూసుకొని నంబరు రాస్కో!"

కుర్రాడు రాసుకున్నాడు. చిరంజీవి నంబరు మళ్ళీ చదివించుకుని, అరచేతి మీది దానితో సరిచూసుకున్నాక ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి కింద మోటార్లు ఒక్కొక్కటే మొదలయ్యాయి.